రెండో ప్రతి

పాత పుస్తకాన్ని జిరాక్సు మిషను మీద బోర్లించి, మూతతో అదిమిపెట్టి ప్రతి తీయడం మనకు బాగా అలవాటైన పని. ఒక్కో పేజీకీ పుస్తకాన్ని ఎత్తాలి, తిప్పాలి, మళ్లీ బోర్లించాలి. మూడు వందల పేజీలు పూర్తయ్యేసరికి కుట్టు వదులవుతుంది, వెన్ను విరుగుతుంది, పెళుసెక్కిన కాగితం అంచుల్లో రాలిపోతుంది. ప్రతి మిగులుతుంది గానీ మూలం దెబ్బతింటుంది. పైనుంచి చూసే స్కానర్ ఈ పద్ధతిని తలకిందులు చేసింది. ఇందులో పుస్తకం వెల్లకిలా ఉంటుంది. చదువుకునేటప్పుడు ఎలా విప్పుకుంటామో అలాగే బల్ల మీద విప్పి పెడితే, పైన స్తంభానికి బిగించిన కన్ను రెండు పేజీలనూ ఒకేసారి చూసుకుంటుంది. మనిషి చేయాల్సింది పేజీ తిప్పడమే.

ఇప్పుడు ఇంటి బల్ల మీద పట్టేంత చిన్నదైన ఈ యంత్రం తెలుగు పుస్తకాల దగ్గరికి మొదట పెద్ద ఎత్తున వచ్చింది 2000ల తొలి ఏళ్లలో. దాన్ని తెచ్చిన పథకం వెనక చిత్తూరు జిల్లా మనిషి ఉన్నారు. కాటూరు అనే పల్లెలో 1937లో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి, ప్రపంచానికి రాజ్ రెడ్డి. మద్రాసులో గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరి, 1966లో డాక్టరేట్ తీసుకున్నారు. కంప్యూటర్‌కు మనిషి మాట వినిపించి అర్థమయ్యేలా చేసే పరిశోధనలో ఆయనది పెద్ద పేరు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన, సహచరులు కలిసి తలపెట్టినదే మిలియన్ బుక్ ప్రాజెక్టు. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి, ఎవరైనా ఎక్కడినుంచైనా ఉచితంగా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టడం దాని లక్ష్యం.

పది లక్షల పుస్తకాల పేజీలు తిప్పాలంటే ఎన్నో వేల చేతులు కావాలి. అందుకే పని ఎక్కువగా భారతదేశంలో, చైనాలో సాగింది. మన దేశంలో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ప్రొఫెసర్ ఎన్. బాలకృష్ణన్ దీనికి సారథ్యం వహించారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఒక పెద్ద కేంద్రమైంది. ఇక్కడి కేంద్రాలకు తెప్పించిన యంత్రం మినోల్టా పీఎస్ 7000, పైనుంచి చూసే స్కానరే. అంగుళానికి 600 చుక్కల చొప్పున నలుపు తెలుపుల్లో పేజీని పట్టుకునేది. 2003లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ఈ పుస్తకాలను అందించే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పోర్టల్‌ను ప్రారంభించారు. పుస్తకాలు స్కాన్ చేసిన కేంద్రాల జాబితాలో విశ్వవిద్యాలయాల పక్కన ఒక ఆలయ సంస్థ పేరు కూడా ఉంది: తిరుమల తిరుపతి దేవస్థానములు.

2007 డిసెంబరు నాటికి ఈ ప్రాజెక్టులో మొత్తం 20 భాషల పుస్తకాలు 15 లక్షలు దాటాయి. అందులో చైనీసు 9,70,000. ఇంగ్లిషు 3,60,000. ఆ తర్వాత చెప్పుకున్న అంకె తెలుగుది, 50,000. అరబిక్ 40,000. కోట్లమంది మాట్లాడే ఎన్నో భాషలుండగా తెలుగు అంత ముందుకు రావడం దానంతట అది జరిగిందనుకోలేం. హైదరాబాద్ నుంచి తిరుపతి దాకా మన గ్రంథాలయాలు తలుపులు తెరిచి పుస్తకాలు ఇవ్వబట్టి, మన మనుషులు రోజంతా కూర్చుని పేజీలు తిప్పబట్టి వచ్చిన ఫలితం అది. ఆ చేతుల యజమానుల పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. స్కాన్ అంచుల్లో అక్కడక్కడా వాళ్ల వేళ్లు మాత్రం పడ్డాయి.

దేవస్థానం ఇలాంటి పనికి పూనుకోవడంలో వింతేమీ లేదు. ఒకటే ప్రతి ఉన్న రాతకు రెండో ప్రతి తీసిపెట్టడం తిరుపతి ప్రాంతానికి శతాబ్దాల నాటి పని. తాళ్లపాక అన్నమయ్య 1503లో పోయారు. ఆయన పాటలు అప్పటికి తాటాకుల మీద ఉన్నాయి. తాటాకు ఎంత జాగ్రత్తగా దాచినా పురుగు పడుతుంది, విరుగుతుంది. తరానికొకసారి కొత్త ఆకుల మీదికి ఎక్కించుకోవాల్సిందే. కొడుకు పెద తిరుమలాచార్యులు ఈ బెడదకు శాశ్వతమైన విరుగుడు వెతికారు. పాటల్ని రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల గుడిలోనే ఒక రాతి అరలో భద్రపరిచారు. అదే సంకీర్తన భాండారం. రెండు వేలకు పైగా రేకులు. ప్రతి పాటకూ పైన రాగం పేరు. తెలుగులో ఒక కవి రచనకు నకలు తీయడానికి ఇంత ఖర్చు, ఇంత శ్రమ మరెవరూ పెట్టి ఉండరు.

అంతటి నకలు కూడా చదివేవాళ్లు లేకపోతే ఉన్నా లేనట్టే. మూడు వందల ఏళ్ల తర్వాత ఆ రేకుల సంగతి ఒక ఇంగ్లిషు ఉద్యోగి చెవిన పడింది. ఎ.డి. క్యాంబెల్ 1816లో మద్రాసులో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించారు. దాని పీఠికలో ఆయన తిరుపతి రేకుల ప్రస్తావన తెచ్చారు. కోవెలలో రాగి మీద చెక్కిన వ్యాకరణ గ్రంథం ఉందని విని, కష్టపడి వాటి నకళ్లు తెప్పించుకున్నారు. తీరా చూస్తే వ్యాకరణం పాలు చాలా తక్కువ. తక్కినదంతా దేవుడి మీద పాటలు. తనకు కావలసింది అది కాదు కాబట్టి అంతటితో వదిలేశారు. తెలుగు సాహిత్య చరిత్రలో ఇంత దగ్గరికి వచ్చి చేజారిన సందర్భాలు అరుదు. నకలు చేతికి వచ్చింది, అక్షరాలు చదివారు, అయినా పాట వినిపించలేదు.

ఆ రోజుల్లోనే పక్కన కడపలో సి.పి. బ్రౌన్ మరో పద్ధతి పట్టారు. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన బ్రౌన్ తాటాకు గ్రంథాలు సేకరించి, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి కాగితం మీద ప్రతులు రాయించారు. ఒకే కావ్యానికి నాలుగైదు ప్రతులు సంపాదించి, పాఠాలు పోల్చి, శుద్ధప్రతి కట్టించేవారు. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు అప్పుడు కడప జిల్లాలోవే; 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడే అవి ఇటు కలిశాయి. బ్రౌన్ పోగుచేసిన ప్రతులు తర్వాత మద్రాసు చేరి, ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో నిలిచాయి.

తిరుమల రేకులకు మోక్షం రావడానికి మరో శతాబ్దం పట్టింది. ఆలయ పాలన 1843 నుంచి హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. 1922 ప్రాంతంలో అరలోని రేకులు పండితుల కంటబడ్డాయి. దేవస్థానం శాసన పరిశోధకుడు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వాటి విలువ గుర్తించారు. ఆయన చేసిన పెద్ద పని మరొకటి ఉంది. గుడి గోడల మీద, రాళ్ల మీద ఉన్న శాసనాలన్నిటికీ ప్రతులు తీయించారు. శాసనం మీద తడి కాగితం పరిచి, కుంచెతో కొట్టి, అక్షరాల గుంటల్లోకి కాగితం దిగాక పైన సిరా అద్దుతారు. చెక్కిన అక్షరం తెల్లగా, చుట్టూ నల్లగా తేలుతుంది. రాయి ఎంత ఉందో ప్రతి అంతే ఉంటుంది. అలా తీసిన అచ్చుల్ని చదివి, వివరించి, 1930లో నివేదిక వెలువరించారు; ఆ దశాబ్దంలోనే ఆరు సంపుటాలు వెలువడ్డాయి. తిరుమల చరిత్ర రాసే ప్రతివారూ ఈనాటికీ ఆ సంపుటాల మీదే ఆధారపడుతున్నారు.

1933లో దేవస్థానానికి పాలకమండలి వచ్చింది. 1939లో దేవస్థానమే తిరుపతిలో ప్రాచ్య పరిశోధన సంస్థను స్థాపించింది. 1954లో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పుట్టిన రెండేళ్లకు అది విశ్వవిద్యాలయం చేతికి వెళ్లింది. పండితుడు వేటూరి ప్రభాకరశాస్త్రి తన చివరి ఏళ్లు తాళ్లపాక రేకుల పనిలోనే గడిపారు. రాగిరేకుల రాత చదవడం అంత తేలిక కాదు. పదాల మధ్య ఎడం ఉండదు, అక్షరాల రూపు పాతది, చరణం ఎక్కడ ముగిసిందో అర్థాన్ని బట్టి పోల్చుకోవాలి. అన్నమయ్య మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన తాత జీవితచరిత్రను ప్రభాకరశాస్త్రి పరిష్కరించగా దేవస్థానం 1949లో అచ్చు వేసింది. 1950లో ఆయన కన్నుమూశారు. తర్వాతి బాధ్యత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మీద పడింది. రేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరం లేదు. ఆయన పాటల్ని పరిష్కరించి, కొన్నిటికి బాణీలు కట్టి, స్వరపరిచారు. రాగి మీద నాలుగు శతాబ్దాలు మౌనంగా ఉన్న మాటలు కచేరీల్లోకి, రేడియోలోకి, ఇళ్లలోకి వచ్చింది ఆ తర్వాతే. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును ఏర్పాటు చేసింది.

ఈ చరిత్ర పక్కన పెట్టి చూస్తే డిజిటల్ లైబ్రరీ బలం, లోపం రెండూ స్పష్టమవుతాయి. బలం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఊళ్లో గ్రంథాలయం లేనివాళ్లకు, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవాళ్లకు, ఎన్నడో అచ్చు ఆగిపోయిన శతకాలు, యక్షగానాలు, వైద్య గ్రంథాలు, స్థలపురాణాలు ఇంట్లో కూర్చుని చదువుకునే వీలు కలిగింది. పరిశోధక విద్యార్థులు ఒక్క పుస్తకం కోసం రైలెక్కే రోజులు తగ్గాయి.

లోపాలు వాడినవాళ్లందరికీ తెలుసు. నలుపు తెలుపుల్లో మాత్రమే పట్టుకోవడం వల్ల, గోధుమరంగుకు తిరిగిన కాగితం మీద సన్నని అచ్చు విరిగిపోయింది. పుస్తకంలోని ఫోటోలు నల్ల మరకలుగా మిగిలాయి. కొన్నిట్లో పేజీలు జారిపోయాయి, కొన్నిట్లో అంచు వరుసలు తెగాయి. చదవాలంటే టిఫ్ బొమ్మల్ని ఒక్కొక్క పేజీగా తెరవాలి, దానికి బ్రౌజర్‌లో అదనంగా ఒక ప్లగిన్ వేసుకోవాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు పేర్లది. తెలుగు పుస్తకాల పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. ఒకే కావ్యం నాలుగు రకాల స్పెల్లింగుల్లో ఉండేది. రచయిత పేరు ఉండాల్సిన చోట సంపాదకుడి పేరు, సంపాదకుడి చోట ఖాళీ. పుస్తకం ఉంది, దొరకదు. రాతి అరలో రేకులు ఉండి కూడా వందల ఏళ్లు ఎవరికీ అందని స్థితి మళ్లీ వచ్చినట్టయింది.

2016, 2017 ప్రాంతంలో డిజిటల్ లైబ్రరీ సైటు మూతపడింది. కాపీరైటు తీరని పుస్తకాలు కూడా అందులో చేరాయన్న వివాదం అప్పటికే ఉంది. అదృష్టవశాత్తు అప్పటికి ప్రతికి ప్రతి తయారై ఉంది. అమెరికాకు చెందిన కార్ల్ మాలమూడ్ నాలుగు లక్షలకు పైగా పుస్తకాల్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించారు. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఆ స్కాన్‌లను తీసుకుని, కాపీరైటు తీరినవాటిని ఒక్కో పేజీ అక్షరాల్లోకి మార్చి, తప్పులు దిద్ది పెడుతున్నారు. స్కాన్ చేసే నాటికి తెలుగు అచ్చును యంత్రం సరిగా చదవలేకపోయేది. ఇప్పుడు గూగుల్ ఓసీఆర్, టెస్సరాక్ట్ చాలావరకు చదువుతున్నాయి. ఒత్తుల దగ్గర, పాత అచ్చులోని అరసున్నల దగ్గర మనిషి కన్ను ఇంకా కావాలి.

పెద్ద సంస్థల చేతిలో ఉన్న, పైనుంచి చూసే స్కానర్ ఇళ్లలోకి దిగడం మరో కథ. 2009లో డేనియల్ రీట్జ్ అనే అమెరికన్ యువకుడు చెత్తలో దొరికిన సామాను, చవక కెమెరాలు జతచేసి సొంతంగా పుస్తకాల స్కానర్ తయారుచేసి, ఎలా చేయాలో అందరికీ చెప్పాడు. ఎన్నో దేశాల్లో అతన్ని చూసి చెక్కతో, రేకుతో స్కానర్లు కట్టుకున్నారు. 2013లో ఫుజిట్సు కంపెనీ స్కాన్‌స్నాప్ ఎస్‌వీ600 తెచ్చింది. తర్వాత చైనా నుంచి సీజర్ కంపెనీ స్కానర్లు వచ్చాయి. విప్పిన పుస్తకం మధ్యలో లోపలికి వంగే పేజీని సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది, పేజీని పట్టుకున్న వేళ్లను చెరిపేస్తుంది. ఇప్పుడు ఎవరైనా ఇంట్లో బల్ల మీద పెట్టుకుని వాడుకోవచ్చు.

తిరుపతి, చిత్తూరు ఇళ్లలో దానికి చేతినిండా పని ఉంది. మొదటగా చెప్పాల్సింది బైండు పుస్తకాలు. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్ల పేజీలు వారం వారం చింపి దాచి, పూర్తయ్యాక కుట్టించి, అట్ట వేయించుకోవడం ఒక తరం తెలుగు పాఠకుల అలవాటు. చందమామలూ అలాగే ఏడాదికొక బైండు అయ్యేవి. దామలచెరువులో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ వందలాది కథలు రాసిన మధురాంతకం రాజారాం వంటివారి రచనలు పాఠకుల చేతికి ముందుగా చేరింది పత్రికల్లోనే. పత్రికల ఆఫీసుల్లో కూడా మిగలని సంచికలు కొన్ని ఇలాంటి ఇంటి బైండుల్లో బతికున్నాయి. వాటి కుట్టు బిగువుగా ఉంటుంది, లోపలి అంచు దాదాపు ఉండదు. బోర్లిస్తే ప్రతి వరుసలో చివరి అక్షరాలు వెన్నులోకి పోతాయి. కెమెరా పైన ఉన్నప్పుడే వాటిని చదవగలిగేలా పట్టుకోవచ్చు. ఒక పక్క అట్ట కింద మరో పుస్తకం ఆనించి ఎత్తు సరిచేస్తే పని ఇంకా బాగా వస్తుంది.

రెండోది ఫోటోలు. తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించి, గుండు మీద గంధంతో బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, స్టూడియోలో గుడి గోపురం తెర ముందు దిగిన ఫోటో దక్షిణాదిలో లక్షల ఇళ్లలో ఉంది. ఎన్నో కుటుంబాలకు అమ్మమ్మ, నాయనమ్మ రూపం మిగిలింది ఆ ఒక్క ఫోటోలోనే. ఇక్కడ యంత్రం పరిమితి తెలుసుకోవాలి. పదహారు మెగాపిక్సెళ్ల కెమెరా ఏ3 సైజు బల్లంతా చూస్తే అంగుళానికి పడేది సుమారు 280 చుక్కలు. ఆల్బం పేజీ మొత్తానికి, పెద్ద సైజు గ్రూపు ఫోటోకు, అద్దం వెనక అతుక్కుపోయి ఊడదీయలేని పటానికి అది సరిపోతుంది. మూడంగుళాల చిన్న ఫోటోలో ముఖం పెద్దది చేసి చూడాలంటే చాలదు. అలాంటిదాన్ని మామూలు స్కానర్ మీద 600 చుక్కలతో తీయడమే మేలు. విడి ఫోటోను బోర్లిస్తే దానికొచ్చే నష్టం లేదు. నునుపు ఫోటో మీద గదిలోని ట్యూబ్‌లైటు మెరుస్తుంది. ఆ లైటు ఆర్పి, రెండు పక్కల నుంచి ఏటవాలుగా వెలుగు పడేలా చూసుకోవాలి. ముఖ్యంగా రంగుల్లోనే తీయాలి, నలుపు తెలుపు ఫోటో అయినా సరే. సిరా మరకకూ నీడకూ తేడా రంగులోనే తెలుస్తుంది.

తాటాకులు ఉన్న ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి: వైద్యుల ఇళ్లు, పురోహితుల ఇళ్లు, వీధి నాటకాలు ఆడినవారి ఇళ్లు. వాటి జోలికి ఇంట్లోవాళ్లు తొందరపడి వెళ్లకపోవడం మంచిది. గంటంతో గీసిన గీతలో మసి నింపితేనే అక్షరం కనబడుతుంది, ఎండిన ఆకుకు ముందు నిమ్మగడ్డి నూనె పట్టించాలి, దారం తీసేటప్పుడు ఆకులు విరుగుతాయి. తిరుపతిలో ఆ పని తెలిసినవాళ్లున్నారు. ప్రాచ్య పరిశోధన సంస్థ, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, తాళపత్రాల డిజిటలీకరణ చేపట్టిన వేద విశ్వవిద్యాలయం అన్నీ ఒకే ఊళ్లో ఉండటం దేశంలో చాలా పట్టణాలకు లేని సౌకర్యం.

స్కాన్ చేసే పని వాయిదా వేయకూడదని 2021 నవంబరు గట్టిగా చెప్పింది. ఆ నెలలో కురిసిన వానలకు తిరుపతి కాలనీలు నీట మునిగాయి, స్వర్ణముఖి పొంగింది. నీళ్లొచ్చిన ఇంట్లో మంచం కింది ట్రంకుపెట్టె, బీరువా కింది అర ముందుగా తడుస్తాయి. ఇంటి కాగితాలు, ఆల్బంలు సాధారణంగా ఉండేది అక్కడే. తడిసిన నునుపు ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుని, విడదీస్తే బొమ్మ ఊడి వచ్చేస్తుంది.

స్కాన్ చేసేవాళ్లు ఫోటో వెనకవైపు కూడా తీయాలి. స్టూడియో ముద్ర, పెన్సిలుతో రాసిన తేదీ, ఎవరెవరో చెప్పే వరుస అక్కడే ఉంటాయి. ఫైలుకు కెమెరా ఇచ్చిన అంకె వదిలేయకుండా ఊరు, సంవత్సరం, మనుషుల పేర్లు తెలుగులోనే రాయాలి. డిజిటల్ లైబ్రరీ రోజుల్లో అది కష్టమైంది; యూనికోడ్ అన్ని కంప్యూటర్లలోకీ, ఫోన్లలోకీ వచ్చాక ఆ అడ్డు లేదు. పేర్లు చెప్పగల పెద్దవాళ్లు ఉండగానే వాళ్ల పక్కన కూర్చుని ఈ పని చేయాలి.

పుస్తకాల విషయంలో చట్టం కూడా చూసుకోవాలి. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. ప్రభాకరశాస్త్రి 1950లో పోయారు. ఆయన జీవించి ఉండగా అచ్చయిన రచనలు 2011 జనవరి నుంచి అందరివీ. ఇంట్లో వాటి పాత ముద్రణ ఉంటే స్కాన్ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టవచ్చు, వికీసోర్స్‌కు ఇవ్వవచ్చు. రాళ్లపల్లి 1979లో పోయారు. ఆయన రచనలకు 2039 చివరిదాకా హక్కులుంటాయి. ఆ పుస్తకాలకు ఇంట్లో చదువుకోవడానికి ప్రతి తీసుకోవచ్చు. నలుగురికీ అందుబాటులో పెట్టాలంటే మాత్రం హక్కుదారులను అడగాలి.